నాలుగేళ్ళ పిల్లని ‘అవుట్’ అనకండి

పాట ఆపింది నేనే. అందుకే ఇన్నేళ్ళయినా ఆ పూట నా కళ్ళముందు నుంచి కదలదు.

అప్పట్లో కోనసీమలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్కేజీ పిల్లలకి చెప్పేదాన్ని. నవంబరు 14, బాలల దినోత్సవం. కొత్త గౌన్లు, తలల్నిండా కనకాంబరాలు, బుగ్గన దిష్టిచుక్కలు. కుర్చీలాట పెట్టాం. పదమూడుమంది పిల్లలు, పన్నెండు కుర్చీలు. పాట ఆపే మీట నా చేతిలో ఉంది. మొదటిసారి ఆపగానే పన్నెండుమంది కూర్చున్నారు, ఒక పిల్ల నిలబడిపోయింది. కుర్చీల చుట్టూ తిరగాలని ఆ పిల్లకి తెలుసు. పాట ఆగితే పక్కవాళ్ళని నెట్టి కూర్చోవాలని తెలీదు. ఇంట్లో ఎవరూ అలా నేర్పి ఉండరు. “నువ్వు అవుట్ నాన్నా, అటెళ్ళి నిలబడు” అన్నాను. వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ఆట ఇంకో ఇరవై నిమిషాలు నడిచింది. అంతసేపూ గౌను కుచ్చు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం, మళ్ళీ చుట్టుకోవడం. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఎత్తుకునేదాన్నేమో. చివరికి గెలిచినవాడు క్లాసులో అందరికన్నా దిట్టమైనవాడు, వయసులోనూ ఏడెనిమిది నెలలు పెద్ద. వాడికి పెన్సిలు డబ్బా ఇచ్చి ఫొటో తీశాం.

రాత్రి పడుకున్నాక లెక్క వేసుకున్నాను. ఆట ఎవరికి బాగా అవసరమో ఆ పిల్లకి ఒక్క నిమిషం ఆట దొరికింది. ఎవరికి ఆ ఆటలో నేర్చుకోవలసింది ఏమీ లేదో వాడికి ఇరవై నిమిషాలూ దొరికింది. అన్నం ఇలా వడ్డిస్తే ఏ అమ్మైనా ఊరుకుంటుందా? ఆకలిగా ఉన్నవాళ్ళని ముందు లేపేసి, కడుపు నిండినవాడికి మారు వడ్డించినట్టు కదా అది!

ఇప్పుడు నేను ఒక చిన్న బాలబడి నడుపుతున్నాను. కాలవ గట్టు మీద, కొబ్బరి రాశులు పోసే ఒక పాకని ఆనుకుని ఉన్న రెండు గదులు, ముందు కొంచెం ఖాళీ జాగా. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు ఇరవై రెండు మంది. ఇన్నేళ్ళుగా వాళ్ళతో ఆడి, చూసి, పొరపాట్లు చేసి నేను గట్టిగా నమ్ముతున్న మాట ఇది: ఆరేళ్ళ లోపు పిల్లలకి కలిసి మెలిసి ఉండటం నోటితో చెబితే రాదు, ఒంటితో చేస్తే వస్తుంది. ఇంకొకరు లేకపోతే సాగని ఆటలు వాళ్ళకి రోజూ కావాలి. ‘అవుట్’ అన్న మాట ఒకటో తరగతి దాటేదాకా బడి గడప తొక్కకూడదు.

“కలిసి ఆడుకోండమ్మా”, “తమ్ముడికి కూడా ఇవ్వు”, “మంచి పిల్లలు పంచుకుంటారు” అని రోజుకి వందసార్లు అంటాం. మూడేళ్ళ పిల్లాడు బొమ్మ ఇవ్వకపోతే స్వార్థం అనేస్తాం. వాడి వయసులో అది స్వార్థం కాదు. 1932లో అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు తమంతట తాము ఎలా ఆడుకుంటారో పట్టి పట్టి చూసి రాసింది. చిన్నవాళ్ళు ఒంటరిగా ఆడతారు, లేదా ఇంకొకళ్ళ ఆటని ఊరికే చూస్తూ ఉంటారు. తర్వాత పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడతారు. ఆ తర్వాత ఒకరి వస్తువు ఒకరు పుచ్చుకుంటూ ఆడతారు. ఒకే ఉద్దేశంతో, పని పంచుకుని ఆడే ఆట అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. మా బడి ముందు ఇసకలో రోజూ ఇదే చూస్తాను. ఇద్దరు మూడేళ్ళవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని రెండు వేర్వేరు పుట్టలు పోస్తారు. ఒకడి చేతిలో కొబ్బరి చిప్ప, రెండోవాడి చేతిలో కొబ్బరి చిప్ప. మాటల్లేవు. కానీ ఒకడు లేచి వెళ్ళిపోతే రెండోవాడూ లేస్తాడు. కలవాలన్న ఆశ అప్పటికే ఉంది వాళ్ళలో. కలిసే దారే తెలీదు. ఆ దారి వేయడం పెద్దవాళ్ళ పని. దాన్ని నీతి వాక్యంతో వేయలేం.

మరి దేంతో వేయాలి? అడుగుతో, ఊపుతో, తాళంతో అంటాను. ఇది నా ఒక్కదాని ఊహ కాదు. జర్మనీలో లైప్‌జిగ్‌లో కిర్ష్‌నర్, టొమసెలో అనే ఇద్దరు 2010లో ఒక ప్రయోగం ప్రచురించారు. నాలుగేళ్ళ పిల్లల జంటలు. చెరువులో కప్పల ఆట. కొన్ని జంటలు కలిసి పాడుతూ, తాళానికి అడుగులేస్తూ ఆడాయి. కొన్ని జంటలు అదే కప్పల ఆటని పాటా తాళమూ లేకుండా ఆడాయి. ఆ తర్వాత ఆటలో ఒకరి గోళీలు జారి నేలపాలైతే, కలిసి పాడి గెంతిన పిల్లలు సాయానికి ఎక్కువగా వచ్చారు. 2014లో కెనడాలో ఇంకా చిన్నవాళ్ళతో, 14 నెలల పసివాళ్ళతో చేశారు. ఒకరు పాపని ఒంటికి కట్టుకుని పాట తాళానికి ఎగిరిస్తూ ఉంటారు, ఎదురుగా ఇంకో మనిషి అదే తాళానికి ఎగురుతుంది. తర్వాత ఆ మనిషి చేతిలోంచి ఏదైనా జారిపడితే పాప తీసి అందిస్తుంది. తాళం తప్పి ఎగిరిన మనిషికి అంతగా అందించరు. మాటలు రాని బిడ్డ, పేరు తెలియని మనిషి. ఇద్దరి మధ్యా ఉన్నదల్లా కలిసి ఎగిరిన ఆ రెండు నిమిషాలే.

నాకు బాగా నచ్చింది మాత్రం 2017 నాటి ఉయ్యాలల ప్రయోగం. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రబినోవిచ్, మెల్ట్‌జాఫ్ అనే ఇద్దరు నాలుగేళ్ళ పిల్లల్ని జంటలుగా ఉయ్యాలలూగించారు. కొందరు ఒకే ఊపున, కొందరు ఎవరి ఊపు వాళ్ళదిగా. దిగిన తర్వాత ఇద్దరూ ఒకేసారి మీట నొక్కితేనే తెర మీద బొమ్మ కనిపించే ఆట ఒకటి, వస్తువుని ఒకరికొకరు అటూ ఇటూ అందించుకునే ఆట ఒకటి ఇచ్చారు. ఒకే ఊపున ఊగినవాళ్ళకి ఆ పని తేలిగ్గా కుదిరింది.

ఇది చదవగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అట్లతద్దినాడు తెల్లారగట్ల చద్దన్నం తిని, చింతచెట్టు కొమ్మకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరిగెత్తడం. ఇద్దరం పలక మీద ఎదురెదురుగా నిలబడి తొక్కేవాళ్ళం. ఒకరు కూర్చుంటే ఒకరు లేవాలి. ఇద్దరూ ఒకేసారి లేస్తే ఉయ్యాల మెలి తిరిగిపోతుంది. ఎదుటి పిల్ల మోకాళ్ళు వంగడం చూసి నా మోకాళ్ళు లేచేవి. ఆ చూపు నాకు ఎవరూ మాటలతో నేర్పలేదు. “దాని కాళ్ళకేసి చూడవే” అని మాత్రం అమ్మమ్మ కింద నుంచి అరిచేది. ఆ ఒక్క మాటలో ఉన్న పాఠం నాకు చదువు చెప్పే శిక్షణలో ఎక్కడా దొరకలేదు.

అవును, చూపు. ఏ ఆట మంచిది, ఏది కాదు అని తేల్చుకోవడానికి నేను ఇప్పుడు చూసేది అదొక్కటే. ఆడుతున్నప్పుడు పిల్ల ఎవరి వంక చూస్తోంది? కుర్చీలాటలో కుర్చీ వంక. పరుగుపందెంలో అవతల కట్టిన తాడు వంక. పొద్దున్నే వరసలో నిలబెట్టి ‘ఒకటి, రెండు’ అంటూ చేతులెత్తించే డ్రిల్లులో మాస్టారి వంక. వార్షికోత్సవానికి రెండు నెలలు సాధన చేయించే సినిమా పాట డాన్సులో అయితే తెర పక్కన నిలబడి చేతులూపే టీచరు వంక. ఇరవైమంది ఒకేసారి చెయ్యెత్తుతారు కాబట్టి చూసేవాళ్ళకి ఎంతో ఐకమత్యంలా కనిపిస్తుంది. కానీ పక్కన పిల్ల కింద పడినా రెండోది చూడదు, చూస్తే అడుగు తప్పుతుందని తిడతాం. దాన్ని సహకారం అనుకోవడం పెద్ద పొరపాటు. తాళం కలవడం ఒక్కటే చాలదు, ఆ తాళం పిల్లలు ఒకరి నుంచి ఒకరు అందుకున్నది కావాలి. వరసలో ముందువాడి మెడ తప్ప ఏమీ కనిపించదు. గుండ్రంగా నిలబెడితే అందరి మొహాలూ అందరికీ కనిపిస్తాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మ చుట్టూ ఆడపిల్లలు వంగి చప్పట్లు చరుస్తూ తిరగడంలో ఉన్న అందం నాకు ఇక్కడే ఉందనిపిస్తుంది. అక్కడ ముందూ వెనకా ఉండవు.

మా బడిలో రోజూ ఆడే ఒక ఆట గురించి వివరంగా చెప్పాలి. దానికి కావలసింది ఒక పాత బండారులంక నేత చీర, ఒక కొబ్బరి పిందె. బయట దేశాల్లో దీనికి రంగురంగుల పారాచూట్ గుడ్డ కొంటారు. మనకి ఆ ఖర్చు అక్కర్లేదు. నూలు చీర ఎంత నలిగితే అంత మెత్తగా పిల్లల పిడికిట్లో ఇముడుతుంది. చీరని సగానికి మడిస్తే పదిమంది చుట్టూ పట్టుకోవచ్చు. మధ్యలో నిమ్మకాయంత పిందె పెడతాను. చెట్టు కింద రోజూ రాలేవే. పిందె ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి రావాలి, కింద పడకూడదు. అంతే ఆట.

మొదటి రోజు పదిమందీ పదివైపులా లాగారు. చీర డోలు మీద తోలులా బిగిసింది, పిందె ఎగిరి గోడకి తగిలింది. నవ్వులు. రెండో రోజూ అంతే. నేను నోరు తెరవలేదు. తెరిస్తే మళ్ళీ వాళ్ళ చూపు నా వైపు తిరుగుతుంది, అది నా డ్రిల్లయిపోతుంది. ఊరుకోవడం చాలా కష్టం, టీచర్లకి మరీ కష్టం. నాలుగో రోజు ఒక కుర్రాడు తన వైపు అంచు ఉన్నపళంగా పైకెత్తాడు. పిందె దొర్లుకుంటూ వెళ్ళి ఎదురుగా ఉన్న పిల్ల పాదాల మీద పడింది. ఆ పిల్లకి ఐదేళ్ళు. పిందె తియ్యలేదు. వాడి వంక చూసి, “నువ్వు ఎత్తితే నేనూ ఎత్తాలి కదరా, చెప్పవేంటి?” అంది. వాడు కాసేపు ఆలోచించాడు. తర్వాతిసారి ఎత్తేముందు “ఎత్తుతున్నా!” అని కేకేశాడు.

ఆ కేక కోసమే నేను నాలుగు రోజులు ఆగాను. “చెప్పి చెయ్యి” అని నేను వెయ్యిసార్లు చెప్పినా వాడికి ఎక్కేది కాదు. పిందె పడింది కాబట్టి ఎక్కింది. ఆ పడటం అందరిదీ. వాడొక్కడిదీ కాదు, ఆ పిల్లదీ కాదు. ఇలాంటి ఆటల గురించి చెబితే “అంటే ఓటమి లేకుండా పెంచుతారా, అందరికీ బహుమతులు పంచుతారా?” అని అడుగుతారు. కాదు. ఓటమి ఉండాలి, రోజుకి పదిసార్లు ఉండాలి. పిందె పడాలి. కానీ పడినప్పుడు ఎవరూ గోడవారకి వెళ్ళకూడదు. అందరూ అక్కడే ఉండి మళ్ళీ పెట్టాలి.

ఇంకో ఆట పంటు, అంటే రేవు దాటించే బల్లకట్టు లాంటి పడవ. ఈ గోదారి పాయల మధ్య పుట్టిన పిల్లలకి పంటు అంటే చెప్పక్కర్లేదు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, నర్సాపురం నుంచి సఖినేటిపల్లి, బండ్లతో మనుషులతో రేవు దాటుతూనే ఉంటారు. గదిలో నేలంతా గోదారి. రెండు చాపలు. ఎనిమిదిమందీ ఒక చాప మీద నిలబడాలి, రెండో చాప ముందుకి పరవాలి, అందరూ దాని మీదకి మారాక వెనక చాప తీసి మళ్ళీ ముందు పరవాలి. అలా అవతలి గోడ చేరాలి. వెనక ఒక్కరు మిగిలి ఉన్నా చాప తీయకూడదు. మొదట్లో ముందున్నవాళ్ళకి ఒడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. ఒకసారి మూడేళ్ళ బుడ్డోడు పాత చాప మీదే నిలబడి వేలు నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు, చాప వాడి కాళ్ళ కింద నుంచి లాగుతున్నారు. వాళ్ళ నాన్న పంటు మీద పనిచేసే ఒక పిల్లాడు గట్టిగా అన్నాడు: “ఆగండ్రా, ఇంకా ఒకడున్నాడు! అందరూ ఒక్క పక్కకే రాకండి, ఒరిగిపోద్ది.” చాప ఒరగదు. కానీ ఎనిమిదిమందీ నిజంగానే సర్దుకుని చాప మీద అటూ ఇటూ పరుచుకున్నారు. వాడు ఇంట్లో విన్న మాట అది. మా బడిలో ఏడెనిమిది నెలలుగా ఎవరితోనూ పెద్దగా కలవనివాడు ఆ రోజు నుంచి పంటు సరంగు అయిపోయాడు.

కుర్చీలాటని కూడా పూర్తిగా వదిలెయ్యలేదు. కెనడాలో టెర్రీ ఆర్లిక్ అనే ఆయన ఇలాంటి ఆటల మీద ఎంతో పనిచేశాడు. కుర్చీలు తగ్గిస్తూ పోతారు, పిల్లల్ని మాత్రం తగ్గించరు. మిగిలిన కుర్చీల్లోనే అందరూ ఎలాగోలా ఇమడాలి. వానాకాలంలో ముందు జాగా అంతా బురదైనప్పుడు మేం పీటలతో ఆడతాం. ఆఖరి రెండు పీటలకి వచ్చేసరికి ఒళ్ళో ఒకరు, భుజం మీద చెయ్యేసి ఒంటికాలు పీట మీద పెట్టి ఒకరు, పడిపోతున్నవాళ్ళ జుట్టు తప్ప అన్నీ పట్టుకుని ఒకరు. పాట ఆపే మీట ఇప్పటికీ నా చేతిలోనే ఉంటుంది.

మన పాత ఆటల సంగతి చాలామంది అడుగుతారు. మా రోజుల్లో అన్నీ బాగుండేవి, సెల్‌ఫోన్లు వచ్చి పాడుచేశాయి అనడం నాకిష్టం ఉండదు. మన ఆటల్లోనూ ఏరుకోవాలి. కాళ్ళా గజ్జె కంకాళమ్మలో కాలు ముడుచుకున్నవాళ్ళు ఆట అయ్యేదాకా ఊరికే కూర్చోవాలి. కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట పెద్దపిల్లలవి. దొంగ అయినవాడిని పదిమంది కలిసి ఏడిపించే ఆటలూ ఉన్నాయి, అవి ఏ వయసుకీ మంచివి కావు. కానీ ఒప్పులకుప్ప చూడండి. చేతులు అడ్డంగా మార్చి గొలుసులా పట్టుకుని, పాదాలు దగ్గరపెట్టి, వెనక్కి వాలి తిరగడం. నా బరువు నీ చేతుల్లో, నీ బరువు నా చేతుల్లో. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. నాలుగేళ్ళవాళ్ళతో నేను దాన్ని తిరక్కుండా, ఊరికే వెనక్కి వాలి నిలబడటంతో మొదలెడతాను. ఆ వాలినప్పుడు మొహాల్లో మొదట భయం, తర్వాత మెల్లగా నవ్వు. గుడుగుడు గుంచం మూడేళ్ళవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది, పిడికిలి మీద పిడికిలి పెట్టి, పైవాళ్ళ బరువు ఓర్చుకుని కదలకుండా ఉండటం వాళ్ళకి తక్కువ పనేమీ కాదు. చికుచికు రైలులో నేను పెట్టిన నియమం ఒక్కటే: పెట్టె ఊడితే ఇంజను ఆగి కూత వెయ్యాలి. అంటే ఇంజను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడాలి. మా పిల్లల్లో రైలెక్కినవాళ్ళు తక్కువే. కోటిపల్లి, నర్సాపురం రైలు దారి పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. అయినా అందరికీ ఇంజనే కావాలి. అందుకని ఇంజను రోజుకొకరు.

మూడేళ్ళవాళ్ళని ఒకేసారి పదిమందితో కలిపితే బెదిరిపోతారు. వాళ్ళకి జంట చాలు. నాలుగేళ్ళకి నలుగురు, ఐదేళ్ళకి చీర నిండా పిల్లలు. ఈ లెక్క తెలియక మొదటి ఏడాది చాలామందిని ఏడిపించాను. తాడులాగుడు పెట్టడం ఇంకో తప్పు, అరచేతులు కమిలి రెండు జట్లూ వారం రోజులు మాట్లాడుకోలేదు.

ఇక అమ్మానాన్నల సంగతి. ఒకాయన కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఒకరోజు కొడుకుని తీసుకెళ్ళడానికి కాస్త ముందుగా వచ్చి గుమ్మంలో నిలబడి చీర ఆట చూశాడు. “టీచరు గారండీ, కోప్పడకండి. చీర ఊపడానికా అండి మావోణ్ని పంపేది? పక్కూళ్ళో ఈడు పిల్లలు ఏబీసీడీలు గడగడా అప్పజెప్పేస్తన్నారండి” అన్నాడు. నాకు కోపం రాలేదు. తన కొడుకు చెట్టెక్కే పని చెయ్యకూడదనే కదా ఆయన ఆరాటం. వ్రాత పలక పట్టాలంటే ముందు భుజం, మణికట్టు బలపడాలని చెప్పాను. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి, అందులో గంటసేపు బాగా ఎగిరి దూకాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందని చెప్పాను. 2020 నాటి జాతీయ విద్యా విధానం, దాన్ని అనుసరించి 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక రెండూ ఈ వయసు చదువు ఆటలోనే ఉండాలంటున్నాయని కూడా చెప్పాను. ఆయన మర్యాదగా తలూపాడు గానీ మొహం మారలేదు.

“రండి, ఆ మూల మీరు పట్టుకోండి” అన్నాను. చెప్పులు విప్పి వచ్చాడు. ఆ గరుకు చేతుల్లో అంచు మరీ చిన్నదిగా కనిపించింది. పిల్లలు “ఎత్తుతున్నా!”, “దించుతున్నా!” అంటుంటే రెండుసార్లు తప్పాడు, మూడోసారి అందుకున్నాడు. తర్వాత చెప్పులు తొడుక్కుంటూ తనే అన్నాడు: “మా పనిలోనూ ఇంతేనండి. పైనున్నోడు గెల కొట్టేముందు కేకెయ్యాలి. కిందున్నోడు ఇన్నట్టు తిరిగి కేకెయ్యాలి. లేదంటే బుర్ర పగిలిపోద్దండి.” గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “అయినా ఏబీసీడీలు కూడా చెప్పండే” అన్నాడు. చెబుతున్నాను. నేను అక్షరాలకి వ్యతిరేకిని కాను. రోజుకి అరగంట చీరకీ చాపకీ ఇచ్చినంత మాత్రాన ఏ అక్షరమూ ఆగలేదు. తోపులాటలు తీర్చడానికి పోయే సమయం తగ్గింది కాబట్టి, లెక్క చూస్తే కొంచెం మిగిలింది కూడా.

ఇంకో మాట ఎక్కువగా వింటాను. “బయట లోకమంతా పోటీయేనండి. ఇప్పట్నుంచే అలవాటు చెయ్యకపోతే రేపు వెనకబడిపోతారు.” ఏడెనిమిదేళ్ళు వచ్చాక చెడుగుడు ఆడించండి, పరుగులు పెట్టించండి, గెలుపోటములు నేర్పండి. అప్పటికి ఓడిపోయిన మనిషి, ఓడిపోయిన ఆట రెండూ వేరని పిల్లలకి తెలుస్తుంది. నాలుగేళ్ళ పిల్లకి తెలీదు. ‘అవుట్’ అంటే ఆ పిల్లకి వినిపించేది ‘నువ్వు మాకు అక్కర్లేదు’ అని. ఆ తేడా తెలియని మనసు మీద పోటీ రుద్దితే ధైర్యం రాదు. గెలిచేవాడికి తోయడం, ఓడేవాడికి తప్పుకోవడం అలవాటవుతాయి.

అసలు మా ప్రాంతాన్ని చూసి మాట్లాడండి. కనుమనాడు జగ్గన్నతోటకి రండి. ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళని నిలబెట్టి, వెదురుతో కట్టి రంగుగుడ్డలతో అలంకరించిన ఎత్తైన చట్రాలు. గంగలకుర్రు ప్రభలని భుజాలకెత్తుకుని కౌశిక కాలవ నీళ్ళల్లోంచి ఒడ్డెక్కించే తీరు చూడండి. అంత ఎత్తు ప్రభ, మొలలోతు నీళ్ళు, కాలికింద జారే మట్టి. ముందున్నవాడు ఒక్క అడుగు పెద్దది వేస్తే వెనకవాళ్ళ మీద బరువు పడుతుంది. “అశ్శరభ శరభ” అన్న అరుపు భక్తి కోసం ఎంతో, అడుగు కలవడం కోసమూ అంతే. అక్కడ మోసేవాళ్ళలో ఎవరు మొదట వచ్చారని ఎవరైనా అడుగుతారా? సెలవుల తర్వాత బడి తెరవగానే మా పిల్లలు రెండు వెదురు కర్రల మీద అట్టపెట్టె కట్టి, బంతిపూలు గుచ్చి, ఆరుగురు చొప్పున మోస్తారు. పొట్టివాళ్ళు ముందుంటే పెట్టె ముందుకి జారుతుంది. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో వాళ్ళే ఎత్తులు కొలుచుకుని సర్దుకుంటారు. కొలవడమంటే వీపుకి వీపు ఆనించి నెత్తి మీద చెయ్యి పెట్టి చూడటం. ఎంత లెక్కల పాఠమో అది!

అంగన్‌వాడీ టీచర్లు అడిగేది వేరు. వాళ్ళ మాటకి నేను తల వంచుతాను. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది, దేశంలో పేదపిల్లలు మొదట అడుగుపెట్టే బడి. ఒక టీచరు, ఒక ఆయా. వంట, తూకాలు, గర్భిణుల వివరాలు, రిజిస్టర్లు, ఫోన్లో ఎక్కించవలసినవి. వీటి మధ్య ఆట ఎక్కడ పెట్టమంటారు అంటారు. పది నిమిషాల పని పెట్టండి చాలు అంటాను. భోజనానికి ముందు ఒక చాప, ఒక చీర. ఆయా కూడా ఒక అంచు పట్టుకుంటే పిల్లలకి పండగ. కానీ ఈ బరువంతా వాళ్ళ మీదే వెయ్యడం న్యాయం కాదు. పూర్వ ప్రాథమిక విద్య అంత ముఖ్యమని కాగితాల మీద రాసుకున్నప్పుడు, ఆ కేంద్రం ముందు నాలుగు సెంట్ల చదునైన మెరక జాగా, టీచరుకి కాగితాల నుంచి ఒక గంట విడుదల ఇవ్వాలి. పల్లంలో కట్టిన గదిలో వానాకాలమంతా నీళ్ళ మధ్య కూర్చున్న పిల్లలు ఎక్కడ ఎగురుతారు?

ఆఖరుగా ఒక పాప సంగతి. పేరు మార్చి మిని అంటాను. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం, చేపల చెరువు మీద కాపలా. చెరువు గట్టున రేకుల షెడ్డులో ఉండేవారు. మూడు వారాలు మిని ఒక్క మాట మాట్లాడలేదు. మన తెలుగు రాదు, ఆ పిల్ల భాష మాకెవరికీ రాదు. పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు, పలికి పలికి జవాబు రాక వదిలేశారు. ఆ రోజుల్లోనే చీర ఆటలో ఒక కుర్రాడి పెత్తనం మితిమీరిపోయింది. “నువ్వు ఎత్తు, నువ్వు దించు” అని అందరి మీదా అరుపులే. సరే, ఇవాళ మూగాట అన్నాను. ఎవరూ నోరు తెరవకూడదు.

పిందె మధ్యలో పెట్టాను. వాడికి మాట లేకపోయేసరికి చేతులు ఆడలేదు. అందరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తున్నారు. మిని కళ్ళు పెద్దవి చేసి ఎదురుగా ఉన్న పిల్లని చూసింది, గడ్డం కొద్దిగా పైకెత్తింది, తర్వాత చీర ఎత్తింది. ఎదుటి పిల్లకి అర్థమైంది. పిందె మెల్లగా దొర్లింది. మళ్ళీ గడ్డం. మళ్ళీ దొర్లింది. మూడు వారాలుగా మాట లేకుండా మొహాలు చూసి బతకడం అలవాటైన పిల్ల అది. ఆ పనిలో మా అందరికన్నా ఆరితేరింది. రెండు రోజుల్లో గడ్డం ఎత్తడం చీర చుట్టూ అందరికీ పాకింది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ముందు ‘ఎత్తు’, తర్వాత ‘దించు’, తర్వాత ‘నేనూ’.

మాఘమాసంలో చెరువు పట్టుబడి అయిపోయింది. వాళ్ళ కుటుంబం ఇంకెక్కడో చెరువుకి మారిపోయింది. ముందుగా చెప్పలేదు, పొద్దున మిని రాలేదు, అంతే.

ఆ రోజు కూడా చీర పరిచాం. పిల్లలు ఎవరి చోట వాళ్ళు పట్టుకున్నారు. మిని చోటు ఖాళీ. పిందె పెట్టగానే అటువైపు అంచు జారి, పిందె ఆ సందులోంచి కిందకి పోయింది. తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయింది. నేను నోరు తెరవలేదు. కాసేపు అందరూ ఆ వాలిన అంచు వంకే చూశారు. అప్పుడు ఆ అరుపుల కుర్రాడు తన చోటు నుంచి ఒక అడుగు పక్కకి జరిగి, ఒక చేత్తో తన అంచు, ఇంకో చేత్తో మిని అంచు పట్టుకున్నాడు. ఇంకా వాలుగానే ఉంది. వాడు ఎదుటి పిల్ల వంక చూసి గడ్డం కొద్దిగా పైకెత్తాడు.